సముద్రం శత్రువు కాదట

మృగశిర కార్తె

శాల దినచర్య పుస్తకం ఇవాళ్టి నుంచి నేను రాయాలి. ఇన్నాళ్ళూ రాసిన పెద్దాయన రిటైరై కొండమీది రాజధానికి వెళ్ళిపోయారు. వెళ్తూ వెళ్తూ, "హైమవతీ, రోజూ రాయనక్కర్లేదమ్మా, ఏదైనా జరిగినప్పుడు రాస్తే చాలు" అన్నారు. ఆయన రాసిన పేజీలు తిరగేశాను. ఏళ్ళ తరబడి "నేడు విశేషములు లేవు" అనే ఉంది. అంత అదృష్టం నాకు రాసిపెట్టి లేదు. ఇవాళ పడమటి కట్టలో ఇంకో మూడు చెవులకు చెవుడు వచ్చింది.

చెవి అంటే మా శాలలో తయారయ్యే చిప్పు. గోరంత ఉంటుంది. కరకట్ట మట్టిలో మోచేతి లోతున పాతిపెడతాం. కట్ట లోపల ఎక్కడైనా నీళ్ళు ఊరడం మొదలుపెడితే ఆ సన్నటి చప్పుడు విని మాకు చెబుతుంది. ఊట చిన్నగా ఉన్నప్పుడే తెలిస్తే ఒక పూటలో పూడ్చుకోవచ్చు. తెలియకపోతే గండి పడుతుంది. సముద్రం మా పొలాలకంటే రెండు నిలువుల ఎత్తున ఉంది కాబట్టి, గండి అంటే ఏమిటో మా లంకలో పసిపిల్లలకు కూడా చెప్పనక్కర్లేదు.

ఈ చిప్పులకు ఉప్పు గిట్టదు. ఒంటికి పట్టిన చిటికెడు ఉప్పు లోపలికి వచ్చిందంటే నెల కష్టం బూడిదలో పోసిన పన్నీరే. అందుకని పొద్దున రెండుసార్లు మంచినీళ్ళ స్నానం, మధ్యాహ్నం ఉప్పులేని కూడు. ఊళ్ళో మమ్మల్ని చప్పిడోళ్ళు అంటారు. అననీ. చుట్టూ ఉప్పు సముద్రం పెట్టుకుని ఈ శాల ఇక్కడే ఎందుకు కట్టారయ్యా అంటే, చెవులు కావలసింది ఇక్కడే మరి.

నా తర్వాత చిప్పు చెయ్యడం తెలిసినవాడు సాల్మన్ ఒక్కడే. మధ్యాహ్నం చప్పిడి పప్పు కలుపుకుంటూ అన్నాడు: "అక్కా, ఉన్న సిలికాన్ పలకలతో ఈ ఏడు గడవదు. స్వాతి కార్తె తుఫాన్లొచ్చే లోపల ఆరో లాకు కాడైనా కొత్త చెవులు పెట్టాలి. లేదంటే ఇంక మనం చేసేదేం లేదు."

నీటిపారుదల శాఖ ఎప్పుడో చేతులెత్తేసింది. ఈ రోజుల్లో పరిశోధన అన్న మాటకు నిధులు ఉన్నది ఒక్క రక్షణ పరిశోధన మండలి దగ్గరే. పంటల మందుకైనా పంటినొప్పికైనా అక్కడికే పోవాలి. సరే, మనమూ దరఖాస్తు పెడదామన్నాను.

ఆరుద్ర

ఆరుద్ర కురిస్తే దారిద్ర్యం ఉండదంటారు. కురుస్తూనే ఉంది.

దరఖాస్తులు రాయడంలో చెయ్యి తిరిగిన మనిషని రాజధాని నుంచి పురుషోత్తంగారిని పిలిపించాను. మనిషి మంచివాడే. వస్తూ వస్తూ మాగాయ జాడీ తెచ్చుకున్నాడు. జాడీని గుమ్మంలోనే ఆపాం, ఆయన్ని మాత్రం చేతులు కడిగించి లోపలికి రానిచ్చాం.

"తీర రక్షణకు అధునాతన మైక్రో ఎలక్ట్రానిక్స్" అని పేరు పెట్టాడు. వినడానికి బాగుంది. చిప్పు ఎలా పనిచేస్తుందో నేను చెబుతుంటే ఆయన రాసుకుంటూ పోయాడు. తర్వాత "ఎదుర్కొనదలచిన శత్రువు" అన్న గడి వచ్చింది. నేను మరో ఆలోచన లేకుండా "సముద్రం" అన్నాను. ఆయన నావైపు జాలిగా చూసి, అలాగే రాసి పంపాడు.

ఆ వారంలోనే తిరిగొచ్చింది. "సముద్రము సహజ వనరు. శత్రువు కాదు." సరేనని "తుఫాను" అని పెట్టాం. "వాతావరణ శాఖను సంప్రదించండి" అని వచ్చింది. "ఉప్పని రాద్దామా అక్కా, మన పాలిట నిజంగా శత్రువే గదా" అన్నాడు సాల్మన్. వాడికి నవ్వులాటగా ఉంది.

పురుషోత్తంగారు గొంతు సవరించుకున్నాడు. "మేడమ్ గారూ, శత్రువంటే మనిషై ఉండాలండి. కాళ్ళూ చేతులూ ఉండాలి. కట్టకవతల పడవల మీద బతుకుతారు చూడండి, వాళ్ళని రాసేద్దాం. తీరం పొడుగునా అందరూ వాళ్ళనే రాస్తారండి. కిందటేడు దోమల మందుకి పెట్టినాయనా వాళ్ళనే రాశాడు. ఏమన్నా జరిగిందా? ఉత్త మాటండీ అది."

ఆలోచించి చెబుతానన్నాను.

పడవ జనం అంటే పరాయివాళ్ళేం కాదు. మా తాతల కాలంలో సముద్రం పైకొచ్చినప్పుడు కట్ట ఎక్కడ వెయ్యాలో పైవాళ్ళు గీత గీశారు. గీతకు లోపల పడ్డవాళ్ళం మేము, బయట పడ్డవాళ్ళు వాళ్ళు. అప్పటినుంచి కట్ట లోపలి వాలు మాది, బయటి వాలు వాళ్ళది. వాళ్ళు లోపలికి దిగరు, మేము బయటికి దిగం. తొంగి కూడా చూడం. వాళ్ళు వండుకునేది, స్నానాలు చేసేది, పిల్లల్ని కనేది ఆ వాలు పక్కనే కాబట్టి, తొంగిచూస్తే ఎదుటివాళ్ళ ఇంట్లోకి చూసినంత తప్పు. బుధవారం బుధవారం తాడుకు బుట్ట కట్టి వదులుతాం. చేపలు పైకి వస్తాయి, బియ్యం కిందికి పోతాయి. కొలిచిన బియ్యం మీద ఒక గుప్పెడు కొసరు వెయ్యడం మా ఆనవాయితీ.

మా ఇంటి బుట్ట అందుకునేది నాంచారమ్మ. నాకంటే పదేళ్ళు పెద్దది. మా అమ్మ తర్వాత నేను బుట్ట వదలడం మొదలుపెట్టినప్పటినుంచి ఆమే.

పునర్వసు

రాశాను. "పడవ జనం." రెండు మాటలు, అంతే.

దాని కింద ఇంకో గడి ఉంది: శత్రువు వద్దనున్న ఆయుధాలు. "వలలు" అన్నాను. పురుషోత్తంగారు దాన్ని "వల ఆకారపు బంధన సాధనాలు" చేశాడు. నాకు నవ్వూ వచ్చింది, ఆ నవ్వుకు సిగ్గూ వచ్చింది.

బుధవారం కొసరు రెండు గుప్పెళ్ళు వేశాను. కింద నుంచి నాంచారమ్మ కేకేసింది. "ఏంటి చిప్పులమ్మా, ఇయ్యాల సెయ్యి పెద్దదయ్యింది?"

"ఏం లేదు నాంచారక్కా, ఈసారి బియ్యం బాగున్నాయి" అన్నాను. అదేం జవాబో నాకే తెలియదు. తాడు గబగబా లాగేసుకుని వచ్చేశాను.

మొదటి విడత మంజూరైంది.

పుష్యమి

సిలికాన్ పలకలు వచ్చాయి, గ్యాసు సిలిండర్లు వచ్చాయి. పలకల మీద చిప్పు గీతలు ముద్రించే యంత్రానికి కొత్త అద్దం వచ్చింది. సాల్మన్ ఆ అద్దం ముందు పెళ్ళికొడుకులా నిలబడ్డాడు. ఎన్నేళ్ళ తర్వాతో శాలలో అందరూ పని చేస్తున్నారు. రాసిన రెండు మాటలు గుర్తుకొచ్చినప్పుడల్లా ఈ పని వైపు చూసుకుంటున్నాను. మనసు కుదుటపడుతోంది.

మొదటి వాయి మొత్తం పోయింది. మండలికి ఫొటో పంపాలని పురుషోత్తంగారు ఒక పలకను చేత్తో పట్టుకున్నాడట. వేళ్ళకు మాగాయ. ఆయన్ని ఏమీ అనలేదు. జాడీని మాత్రం బస్సెక్కించాను.

ఆశ్లేష

రెండో వాయి నిలిచింది. ఆరో లాకుకు అటూ ఇటూ కొత్త చెవులు పాతాం.

పాత చెవులకు నీళ్ళు తప్ప ఏమీ వినపడేది కాదు. వీటికి అన్నీ వినపడుతున్నాయి. ఎండ్రకాయలు బొరియలు తోడుకోవడం, లాకు తలుపు ఇనుము ఎండకు సాగడం, పైన బాట మీద ఎవరో చెప్పులు ఈడ్చుకుంటూ పోవడం. నేనూ సాల్మనూ చెరో పక్క కూర్చుని సినిమా పాటలు విన్నట్టు విన్నాం. నా చేతులతో ఇంత మంచి వస్తువు ఇదివరకు చెయ్యలేదు. గర్వంగా ఉంది. ఉంటే తప్పేముంది?

పోటు తగ్గి నీళ్ళు వెనక్కి తీసిన వేళకు ఇంకొకటి వినపడింది. దబ్, దబ్, దబ్. కాసేపు ఆగి మళ్ళీ మూడు. చాలామంది కలిసి ఒకే తాళంలో కొడుతున్నారు.

సాల్మన్ ముఖంలో నవ్వు పోయింది. "అక్కా, ఇది బయటి వాలు మీంచి. ఎవరో కట్టని కొడుతున్నారు."

భయం వేసింది. ఇంకొకటి కూడా రాయాలి. ఒక్క క్షణం నా మనసు తేలికపడింది. నేను రాసింది అబద్ధం కాదేమోనని.

నిధుల షరతు ప్రకారం మా చెవులు విన్నదంతా మండలికి దానంతటదే పోతుంది. పురుషోత్తంగారు రాజధాని నుంచి ఫోన్ చేశాడు. ఆయన సంతోషం చెప్పనలవి కాదు. "మేడమ్ గారూ, ఇన్ని దరఖాస్తులు రాశానుగానీ, నిజంగా శత్రువు దొరికింది మీ ఒక్కరికేనండీ!"

మఖ

మండలి నుంచి కబురు. కమిటీ స్వయంగా వస్తుంది. తమతో బదులు యంత్రాలు తెస్తుంది. ఒక్కో చెవి పక్కన ఒక్కో బదులు యంత్రం పాతుతారట. చెవికి దెబ్బ వినపడగానే అది బయటి వాలులోకి కరెంటు వదులుతుంది. నీళ్ళలో నిలబడి ఉన్న మనిషి ఇక లేవడు. యంత్రాన్ని చెవితో కలపడం మాత్రం చిప్పు చేసినవాళ్ళకే తెలుస్తుంది కాబట్టి ఆ పని నాది.

కలిపితే పదేళ్ళ దాకా శాలకు నిధుల దిగులు ఉండదు.

ఆ రోజు అన్నం తినలేదు. కూర్చుని పాత శబ్దాలన్నీ మొదటినుంచి విన్నాను. దబ్ దబ్ అన్న చోటల్లా తర్వాత ఏం జరిగిందో చూశాను. మూడో చెవి దగ్గర అంతకుముందు సన్నగా ఊట ఉంది. దెబ్బలు పడ్డాక ఆగిపోయింది. ఏడో చెవి దగ్గరా అంతే. కొన్ని చోట్ల ఊట ఒకచోట ఉంటే దెబ్బలు రెండు బారల అవతల పడ్డాయి, ఆ ఊట అలాగే ఉంది. వాళ్ళకు చెవుల్లేవు గదా, తడుముకుంటున్నారు. సాల్మన్‌ను పిలిచి వినిపించాను. వాడూ రెండుసార్లు విన్నాడు.

"గండి కొట్టేవాడు ఊట ఎందుకు పూడుస్తాడక్కా?"

బుధవారం దాకా ఆగి అడిగాను. "నాంచారక్కా, కట్టని కొడుతున్నది మీరేనా?"

"మేం గాకపోతే ఎవురు కొడతారమ్మా? మీరేవన్నా దిగొచ్చి కొడతారా?" అంది. "బంకమన్ను, తాటిపీచు కలిపి కన్నాల్లో కుక్కి దిమ్మిస ఏత్తన్నాం. మా మావగారి కాలం నించీ ఉన్నదే."

"ఎందుకక్కా?"

"ఎందుకేంటి, కొసరు తీసుకుంటన్నాం గదా!"

నాకు కొంతసేపు అర్థం కాలేదు. ఆ గుప్పెడు బియ్యం మేము మర్యాదకు వేస్తున్నామనుకున్నాం. అది కట్ట పనికి కూలి అనుకుని వాళ్ళు తరాల తరబడి పని చేస్తున్నారు. అడిగితే బాగుండదని మేము అడగలేదు. తెలిసే ఉంటుందిలే అని వాళ్ళు చెప్పలేదు.

నేను కూడా దాచదలుచుకోలేదు. దరఖాస్తులో ఏం రాశానో, కమిటీ ఏం తెస్తోందో అన్నీ చెప్పేశాను. వాళ్ళు నీళ్ళలో దిగకుండా ఉండాలంటే చెప్పక తప్పదు.

నాంచారమ్మ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. కొలత బియ్యం తీసుకుని, అందులోంచి ఒక గుప్పెడు తిరిగి బుట్టలో పోసింది. "పగోళ్ళకి కొసరెందుకమ్మా? లాక్కో" అంది.

లాక్కున్నాను.

పుబ్బ

దెబ్బలు ఆగిపోయాయి. చేపలూ ఆగిపోయాయి, మా ఇంటికే కాదు, లంక మొత్తానికీ. చెవుల్లో ఇప్పుడు నీళ్ళ చప్పుడు ఒక్కటే. రోజురోజుకూ కొంచెం కొంచెం ఎక్కువవుతోంది. లోపలి వైపునుంచి ఎంత మట్టి వేసినా నీళ్ళ బలానికి కొట్టుకొస్తోంది. బయటినుంచి పూడిస్తేనే నిలుస్తుందని ఇన్నాళ్ళకు తెలిసింది. ఇంతకాలం మా కట్ట మా గొప్పతనం వల్లే నిలిచిందనుకున్నాం. మా తెలివి తెల్లారినట్టే ఉంది.

కమిటీ వచ్చింది. అధ్యక్షురాలు వైజయంతిగారు మితభాషి, పొడుగ్గా, తెల్లజుట్టుతో ఉన్నారు. చెప్పకుండానే చెప్పులు విడిచి, చేతులు కడుక్కుని లోపలికి వచ్చారు. అందుకే ఆమె మీద నాకు కొంత ఆశ కలిగింది.

చెవి దగ్గర కూర్చోబెట్టాను. ఆమె చాలాసేపు విన్నారు. "శత్రువు వినపడటం లేదే" అన్నారు.

పురుషోత్తంగారు కంగారుగా నా వైపు వంగి, "ఆ పాత రికార్డింగు వేసెయ్యండి మేడమ్, సరిపోద్ది" అని గుసగుసలాడాడు.

వేశాను. ముందు ఊట, తర్వాత దెబ్బలు, ఆ తర్వాత నిశ్శబ్దం. ఆపకుండా ఇప్పటి శబ్దం కూడా వేశాను. "అమ్మా, వాళ్ళు కట్టకు మట్టి పెడుతూ వచ్చారు. నేను వాళ్ళని శత్రువులని రాశానని తెలిశాక మానేశారు. మీరు వింటున్న నీళ్ళు అందుకే పెరిగాయి" అన్నాను.

వైజయంతిగారు మరోసారి వెయ్యమన్నారు. విని, చేతులు ఒళ్ళో పెట్టుకున్నారు.

"మీ చిప్పు చాలా బాగుంది హైమవతిగారూ. ఇలాంటిది నేను వినలేదు. అర్థమైంది కూడా. కానీ నేను పని చేసేది రక్షణ మండలిలో. శత్రువు లేని దరఖాస్తుకు ఇవ్వడానికి నా దగ్గర దారి లేదు. రాసింది అలాగే ఉంచండి. యంత్రాలు పెట్టించుకోండి. వాళ్ళని నీళ్ళలోకి దిగవద్దని మీరే చెప్పుకోండి. నిధులు వస్తూ ఉంటాయి."

"వాళ్ళు దిగకపోతే కట్ట ఉండదు."

"దిగితే యంత్రం ఊరుకోదు."

"అందుకే కలపను" అన్నాను. "దరఖాస్తు వెనక్కి తీసుకుంటున్నాను."

సాల్మన్ వైపు చూడలేకపోయాను. వాడికి ఇద్దరు పిల్లలు, శాల తప్ప వేరే పని రాదు. వాడు నెమ్మదిగా లేచి వచ్చి నా పక్కన నిలబడ్డాడు. "ఇద్దరం తీసుకుంటున్నామండి" అన్నాడు.

ఉత్తర

పలకలు, సిలిండర్లు, కొత్త అద్దం అన్నీ లారీ ఎక్కాయి. సాల్మన్ దగ్గరుండి గుడ్డలో చుట్టి ఎక్కించాడు. పాతిన చెవులు మాత్రం వదిలేశారు. వాటికోసం కట్ట తవ్వే ధైర్యం ఎవరికుంది? వెళ్ళేముందు వైజయంతిగారు నా దగ్గరికి వచ్చి, "నా సంతకంతో ఒకటి రాసి పెడుతున్నాను, ఆరో లాకు దగ్గర శత్రువు లేడని" అన్నారు. ఆమెకు చేతనైంది అది. నమస్కారం పెట్టాను.

శాల మూతపడింది. రాస్తుంటే ఏడుపొస్తోంది. ముప్పై ఏళ్ళు చప్పిడి కూడు తిన్నాను దీనికోసం.

సాయంత్రం కట్ట మీదికి వెళ్ళి నాంచారమ్మను పిలిచాను. పలకలేదు. "దరఖాస్తు వెనక్కి తీసుకున్నానక్కా" అని అరిచాను. పలకలేదు. ఇక లాభం లేదని చీర కుచ్చిళ్ళు దోపుకుని బయటి వాలు మీదికి దిగడం మొదలుపెట్టాను. పాచికి కాళ్ళు జారుతున్నాయి. మా లంకలో పుట్టినవాళ్ళెవరూ అక్కడ కాలు పెట్టలేదు. కింద పడవల్లో పిల్లలు నోళ్ళు తెరిచి చూస్తున్నారు.

"ఒలమ్మో, పడి సత్తావే! ఆ రాయి గాదు, పక్కది, పక్కదాని మీద పెట్టు కాలు!" నాంచారమ్మే. వచ్చి నా చెయ్యి పట్టుకుంది. పట్టుకున్నాక వదిలేద్దామా అన్నట్టు ఒకసారి చూసింది. "బుద్ధొచ్చిందా?"

"వచ్చింది."

"ఏవైనా కావాలా, ఊరికే సూసిపోదామని దిగావా?"

"ఊట ఎక్కడుందో నాకు వినపడుతుంది. నేను చెప్పిన చోట మీరు కొట్టండి. నాకు కూడా నేర్పండి."

ఆమె మొగుడు పడవలోంచి ఒక దిమ్మిస తెచ్చి నా చేతికిచ్చాడు. ఎత్తబోయి ముందుకు తూలాను. పిల్లలందరూ నవ్వారు. నాంచారమ్మ మాత్రం నవ్వలేదు. "రేపు పొద్దుగాల నీళ్ళు తీత్తాయి. రా" అంది.

స్వాతి

ఈ రోజు దినచర్య సాల్మన్ అనే నేను రాస్తున్నాను. అక్క కట్టకవతల ఉంది.

తుఫాను రేపు తీరం దాటుతుందని చెప్పారు. పొద్దున్నే ఆరో లాకు తలుపులెత్తి పడవలన్నిటినీ లోపలి కాలవలోకి తెచ్చేశాం. అవి లోపలికి రావడం ఇదే మొదటిసారి. పెద్దవాళ్ళూ పిల్లలూ మా శాలలో ఉన్నారు. చిప్పులు చేసిన గదిలో ఎండుచేపల పులుసు కాస్తున్నారు. ఒకప్పుడైతే అక్కకి ప్రాణం పోయేది.

నేను చెవుల దగ్గర కూర్చుని ఊట ఎక్కడుందో వింటున్నాను. కట్ట మీద మా ఊరివాళ్ళు వరుసగా నిలబడి నా మాట ఒకరినుంచి ఒకరికి అందిస్తున్నారు. కింద వాలు మీద నడుములకు తాళ్ళు కట్టుకుని ఆరుగురు కొడుతున్నారు. ఐదుగురిది ఒకే తాళం. ఆరో మనిషి దెబ్బ ప్రతిసారీ కొంచెం ఆలస్యంగా పడుతుంది. కార్తెలు గడిచినా అక్కకి తాళం పట్టుబడలేదు. నాంచారమ్మగారు ఎంత తిట్టినా అంతే.

మధ్యాహ్నానికి గాలి పెరిగింది. మూడో చెవి దగ్గర ఊట ఒక్కసారిగా పెద్దదైంది. చెప్పి పంపాను. దెబ్బలు అటు జరిగాయి. ఇంతలో పెద్ద అల ఒకటి కట్టను కొట్టింది. చెవుల్లో హోరు తప్ప ఏమీ లేదు. హోరు తగ్గాక మళ్ళీ దెబ్బలు మొదలయ్యాయి. ఒకే తాళంలో మొదలయ్యాయి. ఆలస్యపు దెబ్బ వినపడలేదు.

నేను లేచి నిలబడ్డాను. దేవుడా, తాళం తప్పించు, తాళం తప్పించు తండ్రీ అని పైకే ప్రార్థన చేశాను. పులుసు కాసే ఆడవాళ్ళు గరిటెలు వదిలేసి నా వైపు చూశారు.

దబ్, దబ్, దబ్. కాసేపు ఆగి మళ్ళీ దబ్, దబ్, దబ్.

దాని వెనకాల, అందరూ కొట్టేశాక, నెమ్మదిగా ఇంకొకటి పడింది.

మూడో చెవి దగ్గర ఊట ఆగింది.